దయచేసి వినండి

అమ్మా, మీ ప్రశ్న రాత్రి రెండుసార్లు చదివాను, పొద్దున్న లేవగానే మళ్ళీ చదివాను. మూడున్నరేళ్ళ బాబు. రెండు నెలల కిందట డాక్టర్లు ఆటిజం అని తేల్చారు. మాట లేదు, పిలిస్తే తిరిగి చూడడు. ఇంట్లో పెద్దవాళ్ళు పూర్వజన్మ పాపం అంటున్నారు. మీ వారు మాట్లాడటం తగ్గించేశారు. రోజూ సాయంత్రం బాబు గేటు దగ్గర నిలబడి అరగంట సేపు గొళ్ళెం టకటకలాడిస్తుంటే వీధిలోవాళ్ళంతా చూస్తున్నారని మీకు తలవంపుగా ఉంది. చివర్లో ఇలా అడిగారు: "దీపం పెట్టడం కూడా మానేశాను. మీరంతా ఆశ ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?"

మా అబ్బాయికి ఇప్పుడు 19 ఏళ్ళు. ఇంట్లో చిన్నా అంటాము. నేను డాక్టరును కాను. వాడి కోసమని ప్రత్యేక విద్యలో డిప్లొమా చేశాను, తొమ్మిదేళ్ళుగా ఇలాంటి పిల్లలతోనూ వాళ్ళ అమ్మానాన్నలతోనూ పని చేస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. వాడు మారితే ఆశ వస్తుందని ఎదురుచూసినంత కాలం నాకు ఆశ దొరకలేదు. వాడు చేసే ప్రతి పనికీ ఒక కారణం ఉంటుందని నమ్మి, ఆ కారణం వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి దొరుకుతూనే ఉంది. కొన్నాళ్ళు బోలెడంత, కొన్నాళ్ళు చిటికెడు.

మొదటి రెండేళ్ళూ నేను ప్రతి డాక్టరునీ ఒకే ప్రశ్న అడిగాను, "మామూలుగా ఎప్పుడవుతాడు?" అని. ఎవరూ తేదీ చెప్పలేదు. జాతకం చూపించాము. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాశాము. కనిపించిన గుడికల్లా మొక్కుకున్నాము. పక్కింటి బాబు మా వాడికంటే ఇరవై రోజులు చిన్న. ఆ బాబు పుట్టినరోజు వస్తే నాకు రెండు రోజుల ముందు నుంచే అన్నం సయించేది కాదు. వాడు నాలుగు మాటలు చెబితే మా వాడికి నాలుగు తగ్గినట్టే అనిపించేది. మీరు ఇప్పుడు అక్కడే ఉన్నారని మీ ప్రశ్నలో ప్రతి వాక్యమూ చెబుతోంది. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ దారిలోంచి నడవకుండా ఇవతలికి వచ్చిన తల్లిని నేను ఇంతవరకూ చూడలేదు.

మేము అప్పట్లో తెనాలిలో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండేవాళ్ళం. మైకులో ప్రకటనలు మా వంటింట్లోకి స్పష్టంగా వినిపించేవి. చిన్నాకు ఐదో ఏడు నడుస్తుండగా ఒక ఉదయం చపాతీ పిండి కలుపుతున్నాను. వెనక నుంచి "దయచేసి వినండి" అని వినిపించింది. మైకు అనుకున్నాను. మళ్ళీ వినిపించింది. తిరిగి చూస్తే వాడు. ఆ మైకులోని ఆడగొంతు ఎక్కడ సాగుతుందో ఎక్కడ ఆగుతుందో అచ్చం అలాగే. పిండి చేతులతోనే ఎత్తుకుని ముద్దులు పెట్టాను.

ఆ సంతోషం రెండు రోజులే ఉంది. రోజుకు వంద సార్లు అదే మాట. అన్నం తింటూ అదే, స్నానం చేస్తూ అదే, అర్ధరాత్రి లేచి కూర్చుని అదే. అప్పుడు మేము వెళుతున్న కేంద్రంలో, ఇది అర్థం లేని వల్లింపు, ప్రోత్సహించకూడదు, ఆపించండి అన్నారు. ఆపించాను. వాడు నోరు తెరవగానే నా వేలు వాడి పెదాల మీద పెట్టి "ష్" అనేదాన్ని. వాడు మణికట్టు కొరుక్కోవడం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ వాడి కుడి మణికట్టు మీద పళ్ళ గాట్లు తెల్లగా కనిపిస్తాయి. వాచీ పెట్టినప్పుడల్లా నాకు కళ్ళు అక్కడికే వెళతాయి.

రెండు నెలల తరువాత ఇంకోచోట కొత్తగా చేరిన ఒక చిన్న వయసు స్పీచ్ థెరపిస్టు, ఉద్యోగానికి వచ్చి ఆరు నెలలు కూడా కాని అమ్మాయి, నాతో అంది: "ఆపకండి మేడమ్. పన్నెండు రోజులు ఊరికే రాయండి. ఎన్నింటికి అన్నాడు, దానికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది." రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని గీతలు కొట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. మొదటి పేజీలో ఇలా ఉంటుంది. ఉదయం 7.10, నీళ్ళ మోటారు వేయబోతున్నాను, అన్నాడు. 11.40, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను, అన్నాడు. సాయంత్రం 4.05, నేను ఫోనులో మాట్లాడుతున్నాను, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, గట్టిగా అన్నాడు.

పాల దగ్గర నా చేయి ఆగిపోయింది. స్టేషనులో ఆ మాట వచ్చిందంటే తరువాత ఏదో ఒకటి వస్తుంది, రైలు వస్తుంది, నేల అదురుతుంది. వాడికి ఆ మాట అర్థం అదే. ఏదో జరగబోతోంది, ఇటు చూడండి. మోటారు మోత రాబోతోంది. అమ్మ బయటికి వెళ్ళబోతోంది. పాలు పొంగబోతున్నాయి. నా బిడ్డ నన్ను అన్నిసార్లు పిలిచాడు. రెండు నెలలు వాడి నోరు మూసింది నేనే.

విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పడాన్ని డాక్టర్లు ఎకోలేలియా అంటారు. దానికి అర్థం లేదని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. బారీ ప్రిజంట్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980ల తొలి సంవత్సరాల్లోనే పిల్లలను దగ్గరగా గమనించి, ఆ మాటలతో వాళ్ళు అడుగుతారు, వద్దంటారు, తమను తాము స్థిమితపరచుకుంటారు, వంతులవారీగా సంభాషణ కూడా చేస్తారు అని చూపించాడు. మాకు ఆ సంగతి చేరడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మీకు ఈ రోజే చేరింది, అది చిన్న విషయం కాదు.

ఆ తరువాత వాడు "దయచేసి వినండి" అన్నప్పుడల్లా చేతిలో పని వదిలి, వాడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, "వింటున్నాను నాన్నా, చెప్పు" అనేదాన్ని. రెండు బొమ్మల అట్టలు చూపించేదాన్ని. పాలు, బయట. మణికట్టు కొరకడం మూడు వారాల్లో సగానికి తగ్గింది. ఎనిమిది నెలలకు "పాలు" అన్నాడు.

మా నాన్నగారు పాత పుస్తకాలు చదువుకున్న మనిషి. ఇదంతా ఫోనులో చెబితే ఆయన జడభరతుడి కథ ఎత్తారు. భాగవతంలో ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. లోకం మందబుద్ధి అనుకున్న మనిషిని రాజుగారి పల్లకి మోయడానికి పెడతారు. దారిలో పల్లకి కుదుపుతూ ఉంటుంది. రాజు రహూగణుడు లోపలి నుంచి కసురుకుంటాడు, ఎగతాళి చేస్తాడు. భరతుడు చూసి చూసి అడుగు వేస్తున్నాడు, కాలి కింద ప్రాణి ఏదీ నలగకూడదని. అందుకే మిగతా బోయీలతో అడుగు కలవదు. ఆ కథ చిన్నప్పటి నుంచి వింటున్నాను కానీ ఆ రోజు దాకా నేను పల్లకిలోనే కూర్చుని విన్నాను.

అయితే ఒక మాట చెప్పాలి. ఈ కథ చెప్పి, మీ వాడు దైవాంశ, యోగి అనేవాళ్ళు కూడా తగులుతారు. దాన్ని పట్టుకోకండి. పాపి అన్నా యోగి అన్నా ఒకటే, రెండింట్లోనూ పిల్లవాడు మాయమవుతాడు. వాడు పిల్లవాడు. వాడికి ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది, బెల్లం ముక్క కావాలి.

పాపం సంగతికి వస్తాను. ఇంట్లో అనే మాట మిమ్మల్ని ఎంత తొలిచేస్తోందో తెలుసు. తల్లి మీద నింద వేయడం మన ఊళ్ళలో మాత్రమే ఉన్నది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యుల దృష్టికి తెచ్చాడు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా అక్కడి పెద్ద పెద్ద నిపుణులు, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని చెప్పారు. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. చదువుకున్న దేశంలో, తెల్ల కోటు వేసుకున్నవాళ్ళు చెప్పిన మాట అది. ఎంతమంది తల్లులు ఆ మాట మోస్తూ బతికారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. దాన్ని ఎదిరించినవాళ్ళలో ముందు నిలిచినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్, ఆటిజం ఉన్న ఒక బాబుకు తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త. ఇది మెదడుకు, శరీరానికి సంబంధించిన విషయమని 1964లో పుస్తకమే రాశాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటలను పరిశీలించి వంశపారంపర్య కారణాలు బలంగా ఉన్నాయని చూపారు. మీరు గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందుకు కాదు. ఉద్యోగానికి వెళ్ళినందుకు కాదు. టీకా వేయించినందుకూ కాదు. టీకాల మీద అనుమానం రేపిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది, రాసిన డాక్టరు పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తీసేశారు.

ఇదంతా మీ అత్తగారికి చెప్పి గెలవమని కాదు. నేను వాదించి ఒక్కసారీ గెలవలేదు. మా అత్తగారు కూడా మొదట్లో అదే మాట అన్నారు. ఆమెను మార్చింది నా మాటలు కావు, చింతపిక్కలు.

చిన్నా వసారాలో కూర్చుని చింతపిక్కలను గోడ వెంట వరుసగా పేర్చేవాడు. గంట, గంటన్నర. ఎవరైనా ముట్టుకుంటే కేకలు. ఆ వరుస అరిష్టమని ఆమె చీపురుతో ఊడ్చేసిన రోజులు కూడా ఉన్నాయి. ఆ స్పీచ్ థెరపిస్టు అమ్మాయి ఒకసారి మా ఇంటికి వచ్చి, "బామ్మగారూ, మీరు ఏమీ మాట్లాడకండి, వాడి వరుస చివర ఒక్క పిక్క పెట్టి ఆగండి" అంది. ఆమె పెట్టారు. వాడు తీసి విసిరేశాడు. మర్నాడు మళ్ళీ పెట్టారు, మళ్ళీ విసిరేశాడు. మా అత్తగారు పట్టుదల గల మనిషి. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే చీర కుచ్చెళ్ళు సర్దుకుని నేల మీద కూర్చునేవారు. పదకొండో రోజు వాడు ఆ పిక్కను తీయలేదు. కాస్త పక్కకు జరిపి, వరుసలో సరిగ్గా నిలబెట్టాడు. తరువాత దోసిట్లోంచి ఒక పిక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు, ఇక మీ వంతు అన్నట్టు. ఆమె నన్ను గట్టిగా కేక వేసి పిలిచారు. నేను వెళ్ళేసరికి పిడికిలి మూసుకుని కూర్చుని ఉన్నారు, ఆ పిక్క పడిపోతుందేమో అన్నట్టు. ఆ రోజు తరువాత ఆమె నోటి నుంచి పాపం అన్న మాట నేను వినలేదు. పోయేవరకూ వాడితో మధ్యాహ్నాలు గడిపింది ఆమే.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఉపన్యాసం ఇవ్వకండి, ఒక చిన్న పని ఇవ్వండి. మీ వారికి కూడా. మాటలు తగ్గించిన మగవాళ్ళలో చాలామంది ఏం చేయాలో తెలియక తగ్గించినవాళ్ళే. మా వారికి ఆదివారం ఉదయం వాడిని స్టేషనుకు తీసుకువెళ్ళి రైళ్ళు చూపించే పని పడింది. మొదట్లో మొక్కుబడిగా వెళ్ళేవారు. ఇప్పుడు ఆయనకు ఆదివారం అంటే అదే.

ఇది మా ఇంటి అదృష్టం అనుకోకండి. పిల్లవాడి వెంట నడుస్తూ, వాడు చూసినదాన్ని చూస్తూ, వాడి చిన్న ప్రయత్నానికి ఆగి జవాబివ్వడం తల్లిదండ్రులకు నేర్పితే ఏమవుతుందో గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను పరీక్షించి చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. నేర్పినవాళ్ళు పెద్ద నిపుణులు కూడా కారు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, తరువాత ఆమెతో కలిసి చూస్తూ, ఎక్కడ బిడ్డ పలికాడో, ఎక్కడ ఆమె అందుకున్నదో చూపించేవారు. పిల్లలు తమంతట తాము చొరవ తీసుకోవడం పెరిగింది. మీ ఫోనుతో మీరే రెండు నిమిషాలు తీసి రాత్రి చూసుకోండి. అప్పుడు కనిపించనివి ఇప్పుడు కనిపిస్తాయి.

మాట వస్తుందా అన్నది మీ అసలు భయం. మీరు నేరుగా అడగలేదు కానీ అదే. అమెరికాలో నాలుగేళ్ళు వచ్చేసరికి మాటలు కలిపి చెప్పలేకపోయిన 535 మంది ఆటిజం పిల్లల వివరాలను 2013లో ప్రచురించారు. తరువాతి ఏళ్ళలో వాళ్ళలో 70 శాతం మంది మాటలు కలిపి చెప్పగలిగారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. నాలుగేళ్ళు దాటితే తలుపు మూసుకుపోతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే అది నిజం కాదు. నూటికి ముప్ఫై మందికి రాలేదన్నదీ ఆ లెక్కలోనే ఉంది, అది కూడా మీకు చెప్పాలి. మా చిన్నా ఈ రోజుకీ ఒకటి రెండు మాటలే మాట్లాడతాడు. మిగతాది బొమ్మలతో, ఫోనులోని చిత్రాలతో, చేయి పట్టి లాక్కెళ్ళడంతో. బొమ్మల అట్టలు అలవాటు చేస్తే ఇక మాట రాదేమోనని చాలామంది భయపడతారు. నా అనుభవంలో, పరిశోధనల్లోనూ అలా జరగలేదు. చెప్పుకునే దారి దొరికిన పిల్లవాడికి చెప్పాలన్న కోరిక పెరుగుతుంది.

ఇప్పుడు ఒక హెచ్చరిక, కొంచెం గట్టిగానే చెబుతాను. మీ ఆశను సొమ్ము చేసుకోవడానికి మనుషులు వస్తారు. చిన్నాకు ఆరేళ్ళప్పుడు ఒక పెద్ద నగరంలో ఒకచోట మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్లు చేయిస్తే ఆరు నెలల్లో మాట వస్తుందని చెప్పారు. నా గాజులు, మా వారి పేరున ఉన్న స్థలం మీద అప్పు, రెండున్నర లక్షలు. వెన్నులో సూది గుచ్చుతుంటే వాడి కాళ్ళు పట్టుకున్నది నేనే. ఆరు నెలలు కాదు, ఏ నెలలోనూ ఏమీ జరగలేదు. ఒక్కటే జరిగింది, తెల్ల గోడ ఉన్న ఏ గదిలోకైనా అడుగు పెట్టాలంటే వాడు రెండేళ్ళపాటు వణికిపోయాడు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మూలకణాలను చికిత్సగా అమ్మకూడదని, పరిశోధనలో భాగంగా మాత్రమే వాడాలని స్పష్టంగా ఉంది. ఒంట్లో లోహాలు తీసేస్తామని చేసే కీలేషన్ ఇంకా ప్రమాదం, 2005లో అమెరికాలో ఒక చిన్న పిల్లవాడు ఆ చికిత్స జరుగుతుండగానే చనిపోయాడు. "పూర్తిగా నయం చేస్తాము" అన్న మాట ఎవరి నోట వినిపించినా లేచి వచ్చేయండి. తెల్ల కోటు అయినా, కాషాయం అయినా.

మరి నమ్మకం? దీపం మానేశానన్నారు. నేను మూడేళ్ళు మానేశాను. కొట్లాడి మానేశాను. అంతకుముందు ఒక పెద్ద గుడిలో హారతి వేళ గంటలు, డోలు ఒక్కసారిగా మోగాయి. వాడు చెవులు మూసుకుని నేల మీద పడి దొర్లాడు. వరుసలో వెనక ఉన్న పెద్దమనిషి, "పిల్లల్ని పెంచడం చేతకాకపోతే గుడికి ఎందుకు తేవడం?" అన్నారు. ప్రసాదం తీసుకోకుండానే బయటికి వచ్చేశాను.

తరువాత మేము మారిన ఇంటి వీధి చివర ఒక చిన్న రామాలయం ఉంది. వాడు తెల్లవారుజామునే లేస్తాడు, అటు నడిపించేదాన్ని. బయటి నుంచే తిరిగి వచ్చేసేవాళ్ళం. అక్కడి అర్చకుడు, అరవై దాటిన ఆయన, ఒక రోజు అడిగారు, "లోపలికి ఎందుకు రారమ్మా?" అని. వీడికి గంట పడదండీ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు ఇంకా ఎవరూ రాకముందు మమ్మల్ని లోపలికి పిలిచారు. కుడిచేత హారతి పళ్ళెం. ఎడమచేత గంట, మోగకుండా దాని నాలుకను రెండు వేళ్ళతో పట్టుకున్నారు. హారతి ఇస్తున్నంతసేపూ వదలలేదు. కర్పూరం చిటచిటమనడం వినిపించేంత నిశ్శబ్దం. చిన్నా ఆ మంటనే చూశాడు, కదలకుండా. అయిపోయాక ఆయన గంటను మెల్లగా కింద పెట్టి, "స్వామికి చెవులు బాగానే వినిపిస్తాయిలే" అన్నారు.

అప్పటిదాకా నా మొక్కులన్నీ వాడిని మార్చమని. ఆ పూట ఇంటికి వచ్చి దీపం పెట్టినప్పుడు నేనేమీ అడగలేదు. అడగాలని తోచలేదు. మీకు అలా జరగాలని నేను చెప్పలేను. మీరు మళ్ళీ దీపం పెట్టకపోయినా మీ అమ్మతనానికి లోటు రాదు. పెట్టాలనిపించినప్పుడు మాత్రం, బాబును మోగే గంటల మధ్యకు లాక్కువెళ్ళకండి. మీ విశ్వాసం ఏదైనా సరే, గంట నాలుకను పట్టుకునే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటారు, అడిగితే కనిపిస్తారు. నేను అడగకుండానే కనిపించారు, అది నా భాగ్యం.

చెడ్డ రోజుల గురించి దాచను. పదమూడు, పద్నాలుగేళ్ళ మధ్య చిన్నా నిద్ర పూర్తిగా చెదిరిపోయింది, నన్ను రెండుసార్లు బాగా కొట్టాడు, నేర్చుకున్న మాటలు కొన్ని పోయాయి. నేనూ కూలిపోయాను. తెల్లవారితే ఎందుకు లేవాలి అనిపించేది. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎనిమిది నెలలు మందులు వాడాను, దాని వల్లే నిలబడ్డాను. మీకు అలా అనిపిస్తే ప్రార్థనతో సరిపెట్టుకోకండి. 14416 టెలి మానస్ నంబరు, మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం పెట్టినది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. అప్పుడు చిన్నాకు ఒంట్లో ఏముందో వెతికితే మలబద్ధకం, పుచ్చిన దవడ పన్ను బయటపడ్డాయి. పన్ను తీయించాక కొట్టడం చాలావరకు ఆగింది. మాట లేని పిల్లవాడి కోపం వెనక చాలాసార్లు నొప్పి ఉంటుంది, ముందు ఒళ్ళు చూపించండి.

స్ఫూర్తి అంటే అందరూ ఆటిజం ఉన్న అమెరికన్ మహిళ టెంపుల్ గ్రాండిన్ పేరు చెబుతారు. 1947లో పుట్టారు, మూడున్నర దాటేదాకా మాట లేదు, డాక్టర్లు ఏదైనా సంస్థలో వదిలేయమన్నారు, తల్లి ఒప్పుకోలేదు. ఆమె పశువుల శాస్త్రంలో ప్రొఫెసర్ అయ్యారు. గొప్ప జీవితం, చదవండి. కానీ మీ బాబును ఆమెతో పోల్చి చూసుకోకండి, అది పక్కింటి బాబు పుట్టినరోజు లాంటి బాధే మళ్ళీ. నాకు ఆమెకంటే ఎక్కువ బలం ఇచ్చింది మెర్రీ బారువా. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతూ, మన దేశంలో ఆ పేరు తెలిసిన డాక్టర్లే అరుదైన 1991లో, ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ మొదలుపెట్టారు. ఒక్క తల్లి. ఈ రోజు మనకు దారి చూపే చాలామంది ఉపాధ్యాయులు అక్కడ శిక్షణ పొందినవాళ్ళే. అంతకంటే దగ్గరి స్ఫూర్తి మీ ఊళ్ళోనే ఉంటుంది. థెరపీ కేంద్రం బయట బెంచీ మీద మీకంటే అయిదేళ్ళు ముందున్న తల్లి ఎవరో కూర్చుని ఉంటారు. పలకరించండి. ఎదిగిన ఆటిజం పిల్లలను, పెద్దవాళ్ళను చూడండి. నేను మొదటిసారి ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకతను తన టిఫిన్ డబ్బా తనే కడిగి, తుడిచి, మూత బిగించి సంచిలో పెట్టుకోవడం చూసి అక్కడే నిలబడిపోయాను. అప్పటిదాకా నా ఊహలో చిన్నా ఎప్పుడూ పెద్దవాడు అయ్యేవాడే కాదు.

కాగితాల పనులు కూడా చెబుతాను, ఎందుకంటే చేతిలో కాగితం ఉంటే రాత్రి నిద్ర కొంచెం పడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం తీసుకుని యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి. ఆటిజం శాతాన్ని లెక్కించే 40 ప్రశ్నల భారతీయ కొలమానం తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థలో. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, పరీక్షలకు, సలహాకు అక్కడికి వెళ్ళవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు థెరపీ, వైద్య ఖర్చు వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడి ఉపాధ్యాయులను కలవండి. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. మీ వారు ఆదాయపు పన్ను కడుతుంటే, వికలాంగులున్న కుటుంబాలకు ఇచ్చే తగ్గింపు మీకు వర్తిస్తుందేమో అడగండి. పద్దెనిమిది నిండాక సంరక్షకత్వం సంగతి చూడాలి, దానికి మీకు ఇంకా చాలా సమయం ఉంది.

చిన్నా ఇప్పుడు మా వారి జిరాక్స్ దుకాణంలో కాగితాలు లెక్కపెట్టి, అంచులు కలిపి కట్టలు కడతాడు. వందకు వంద, ఒక్కటి కూడా తేడా రాదు. దుకాణంలో జనం ఎక్కువైతే లేచి నిలబడి "దయచేసి వినండి" అంటాడు. మా వారు వెంటనే ఫ్యాను తగ్గించి, వాడిని వెనక గదిలో కాసేపు కూర్చోబెడతారు. రోజూ వచ్చేవాళ్ళకు తెలుసు, వాళ్ళే గొంతు తగ్గిస్తారు.

ఇక మీరు రాసిన ఆ గేటు సంగతి. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా అన్నారు. వేరే వేళల్లో చేస్తాడని రాయలేదు. మీ వారు ఆఫీసు నుంచి ఏడింటికి వస్తారని ప్రశ్న మొదట్లో ఇంకెక్కడో రాశారు, రెండు నెలలుగా ఆలస్యంగా వస్తున్నారని కూడా. అంతకుముందు ఎన్నింటికి వచ్చేవారు? వస్తూ గేటు గొళ్ళెం తీసేటప్పుడు ఎలాంటి చప్పుడు వచ్చేది? నేను ఇక్కడ కూర్చుని ఇదే అని చెప్పలేను. రేపు సాయంత్రం ఆరింటికి పొయ్యి కట్టేసి, వెళ్ళి వాడి పక్కన నేల మీద కూర్చోండి. ఏమీ అడగకండి, చేయి పట్టి లాగకండి. వాడు ఎటు చూస్తున్నాడో అటు చూడండి. ఏం చూశారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.